వెతికితే దొరికే తెలుగు కావాలి: రాష్ట్ర ఐటీ శాఖకు హనుమకొండ డీటీపీ ఆపరేటర్ బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర ఐటీ శాఖ అధికారులకు,

నమస్కారం.

నేను హనుమకొండలో ఇరవై ఏళ్లకు పైగా డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, దశదినకర్మ కార్డులు, యూనియన్ల మెమోరాండాలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, అన్నీ టైప్ చేస్తాను. సోమవారం పొద్దున కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి పోయే జనంలో చాలామంది ముందు నా షాపు మెట్లెక్కుతారు. ప్రభుత్వం తెలుగులో ఇచ్చే కాగితాన్ని జనం ఎలా చదువుతారో, చదవలేక ఎక్కడ ఆగిపోతారో రోజూ దగ్గరుండి చూస్తున్న మనిషిని. ఆ కాగితం గురించే ఈ లేఖ.

పోయినేడు చలికాలంలో రేగొండ దిక్కు పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చారు. పంట నష్టపరిహారం జాబితాలో ఆయన పేరు లేదని ఊళ్లో ఎవరో ఫోన్‌లో చూసి చెప్పారట. అర్జీ టైప్ చేయించుకుని ఇచ్చి పోదామని బస్సెక్కి వచ్చారు. రాసే ముందు జాబితా నేనూ ఒకసారి చూద్దామనుకున్నాను. ఒక ఆఫీసు వాళ్లు నెట్‌లో పెట్టిన పీడీఎఫ్ అది, 142 పేజీలు. చూడటానికి తెలుగు గుండ్రంగా, చక్కగా ఉంది. కంట్రోల్ ఎఫ్ కొట్టి ఆయన ఇంటిపేరు టైప్ చేశాను. లేదన్నది. ఊరి పేరు కొట్టాను. లేదన్నది. అనుమానం వచ్చి 'రైతు' అని కొట్టాను. ప్రతి పేజీ నెత్తిన 'రైతు పేరు' అని లావు అక్షరాల్లో కనబడుతూనే ఉంది. అయినా ఆ ఫైల్లో రైతు అనే మాటే లేదన్నది.

అప్పుడు ఇద్దరం పక్కపక్కన కూర్చుని మొదటి పేజీ నుంచి వేలు పెట్టి చూసుకుంటూ పోయాం. మధ్యలో ఇద్దరు జిరాక్స్‌కు వచ్చి విసుక్కుని వెళ్లిపోయారు. 87వ పేజీలో, కింది నుంచి నాలుగో వరుసలో ఆయన పేరు దొరికింది. "ఇగో బిడ్డా, ఇదే నేను" అని స్క్రీన్ మీద వేలు పెట్టారు. ఆ పేరు మొదటి రోజు నుంచీ అక్కడే ఉంది. వెతికినవాళ్లకు దొరకలేదు, అంతే. ఇన్ని రోజులు ఆయన పడ్డ టెన్షన్, పెట్టుకున్న బస్సు ఖర్చు, పోయిన కూలి, ఇవన్నీ ఆ జాబితా టైప్ చేసిన ఫాంట్ వల్ల.

ఆ జాబితా టైప్ చేసింది నాలాంటి ఆపరేటరే అయి ఉంటారు. అందుకే లోపల ఏం జరిగిందో చెప్పగలను.

మేము పని నేర్చుకున్నప్పటి తెలుగు ఫాంట్లలో తెలుగు అక్షరానికి సొంత చోటు ఉండదు. ఇంగ్లిష్ అక్షరాల గళ్లలో తెలుగు ముక్కలను కూర్చోబెట్టారు. ఒక గడిలో తలకట్టు, ఇంకో గడిలో కొమ్ము, మరో గడిలో వత్తు. మేము కీలు కొడుతూ పోతే ఆ ముక్కలన్నీ ఒకదాని పక్కన ఒకటి చేరి కంటికి తెలుగులా కనిపిస్తాయి. ఫైలు కడుపులో ఉన్నవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే బండారం బయటపడుతుంది. అలాంటి ఫాంట్‌లో ఉండేవే 256 గళ్లు. మన గుణింతాలూ వత్తులూ అన్నీ వాటిలో పట్టవు కాబట్టి ముక్కలు చేయక తప్పలేదు. ఆ రోజుల్లో దాన్ని తయారు చేసినవాళ్లను నేను ఒక్క మాట కూడా అనను. వాళ్ల వల్లే మాకు బువ్వ దొరికింది, తెలుగు అచ్చు కంప్యూటర్ మీదికి వచ్చింది. ఆ పద్ధతి కాగితం మీద ముద్రించడానికి పుట్టింది. దాన్నే తీసుకొచ్చి నెట్‌లో జనం వెతుక్కునే జాబితాలకు వాడటం దగ్గరే తప్పు మొదలైంది.

యూనికోడ్ అంటే ప్రపంచమంతా ఒకేలా వాడే అక్షరాల లెక్క. అందులో పద్ధతి వేరు. ప్రపంచంలోని లిపులన్నిటికీ తలా ఒక వరుస కేటాయించారు. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు 128 గళ్ల వరుస ఉంది. 'వరంగల్' అని టైప్ చేస్తే ఫైల్లో ఆరు సంకేతాలు చేరతాయి: వ, ర, సున్నా, గ, ల, పొల్లు. ఫాంట్ ఏదైనా, కంప్యూటర్ ఎవరిదైనా, ఫోన్ ఏ కంపెనీదైనా ఆ ఆరు మారవు. 'స్త్రీ' అనే ఒక్క అక్షరం లోపల స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరున్నాయి. చిన్నప్పుడు పంతులు గారు నేర్పిన లెక్కే. వాటిని కలిపి వత్తు ఎక్కడ వేలాడాలో, గుడి ఎక్కడ కూర్చోవాలో చూసుకోవడం ఫాంట్ పని. రాసింది ఒక చోట, కనబడే తీరు ఒక చోట ఉంటాయి కాబట్టే వెతికితే దొరుకుతుంది, కాపీ చేస్తే వస్తుంది, అకారాది క్రమంలో పెట్టవచ్చు.

ఇలా లెక్క అందరికీ తెరిచి ఉండే ప్రమాణాన్ని ఓపెన్ స్టాండర్డ్ అంటారు. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతుకు అదేమిటో ఒక్క ముక్కలో చెప్పవచ్చు. క్వింటా అంటే నూరు కిలోలు. అది ఏ అడ్తిదారు సొంత సొత్తూ కాదు. కాంటా ఎవరిదైనా కావచ్చు, ఏ కంపెనీ చేసిందైనా కావచ్చు, క్వింటా మాత్రం అందరికీ ఒకటే, దాన్ని ఎవరైనా పరీక్షించి చూడవచ్చు. ప్రతి దుకాణం తన సొంత క్వింటా పెట్టుకుని, దాని లెక్క తన దగ్గరే దాచుకుంటే రైతు గతి ఏమవుతుంది? తెలుగు అక్షరానికి ఇన్నేళ్లుగా జరుగుతున్నది అదే. ఒక్కో ఫాంట్ కంపెనీకి ఒక్కో గళ్ల లెక్క. ఒకరి ఫైలు ఇంకొకరికి అచ్చిరాదు.

ఇక నన్ను ఈ లేఖ రాయించిన మనిషి గురించి చెబుతాను. గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్న ఒక తమ్ముడు ఉన్నాడు. పుట్టుకతోనే చూపు లేదు. డిగ్రీ ఫస్ట్ క్లాస్‌లో పాసయ్యాడు. ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ పెట్టుకుని చదువుతాడు. తెర మీద ఉన్నదాన్ని గొంతుతో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అది. ఓపెన్ సోర్స్, అంటే దాని లోపలి కోడ్‌ను ఎవరైనా చూడవచ్చు, మార్చుకోవచ్చు. పైసా ఖర్చు లేదు. దాన్ని 2006లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టిన మైకేల్ కరన్‌కు కూడా చూపు లేదు. ఈస్పీక్ అనే ఇంకో ఓపెన్ సోర్స్ గొంతుతో అది తెలుగు కూడా చదువుతుంది. ఆ గొంతు కొంచెం మర మనిషిలా ఉంటుంది కానీ, అలవాటైతే ఎంత వేగంగానైనా వినవచ్చు. ఆ తమ్ముడు వినే వేగానికి నాకు ఒక్క ముక్క అర్థం కాదు.

ఒక శిక్షణ పథకం మార్గదర్శకాల పీడీఎఫ్ పట్టుకుని వచ్చాడు. పదకొండు పేజీలు. హెడ్‌ఫోన్లలో ఒక వైపుది తీసి నా చెవిలో పెట్టాడు. "డాలర్... క్యాపిటల్ ఎల్... బ్రాకెట్..." అని ఏదో గబగబా చదువుతోంది. "అక్కా, ఇది ఏ భాష?" అని అడిగాడు. నేను తెర మీద చూస్తున్నది తెలుగు. 'దివ్యాంగ అభ్యర్థులకు ముఖ్య గమనిక' అని మొదటి పేజీలోనే ఉంది. అది నేను చదివి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "చివరి తేదీ ఎప్పుడో చూడక్కా" అన్నాడు. నాలుగు రోజులే ఉంది. రెండు రాత్రులు కూర్చుని పదకొండు పేజీలూ యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాను. డబ్బులు ఇవ్వబోయాడు, తీసుకోలేదు. ఒకరికి చేశాను. మిగతావాళ్లకు ఎవరు చేస్తారు? అసలు ఎవరైనా ఎందుకు చేయాలి? మొదటిసారి టైప్ చేసినప్పుడే యూనికోడ్‌లో చేసి ఉంటే సరిపోయేది కదా.

ఇది నేను కొత్తగా కోరుతున్నది కాదు. భారతీయ భాషలకు ఈ-గవర్నెన్స్‌లో యూనికోడే వాడాలని, వెర్షన్ 5.1 గానీ ఆ పైది గానీ ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2009 నవంబరులోనే ప్రమాణం ప్రకటించింది. ఫాంట్లకు కూడా ఓపెన్ ఫాంట్ ఫార్మాట్‌నే ప్రమాణంగా పెట్టింది. మరుసటి ఏడాది, 2010 నవంబరులో, ఈ-గవర్నెన్స్‌కు ఓపెన్ స్టాండర్డ్స్ విధానం వచ్చింది. ఆ విధానంలో ఒక షరతు నాకు చాలా ఇష్టం: ప్రమాణం అంటే దాని వివరాలు అందరికీ అందాలి, రాయల్టీ ఉండకూడదు అనే వాటితో పాటు, అవసరమైన చోట దేశంలోని అధికార భాషలన్నిటికీ అది పనికొచ్చేలా ఉండాలని రాశారు. 2015లో ప్రభుత్వ కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యం ఇవ్వాలనే విధానం తెచ్చారు. సమాచార హక్కు చట్టం, 2005లోని 4(4) సెక్షన్ అయితే సమాచారాన్ని స్థానిక భాషను, ఆ ప్రాంతంలో బాగా పనిచేసే పద్ధతిని దృష్టిలో పెట్టుకుని జనానికి అందించాలని చెబుతోంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వాళ్లకు చదువుకోగలిగే రూపంలో సమాచారం అందాలంటోంది. మన రాష్ట్రానికే 2016 నుంచి ఓపెన్ డేటా విధానం ఉంది, దానికో పోర్టల్ ఉంది. కాగితాల మీద అన్నీ ఉన్నాయి. రేగొండ దిక్కు పెద్దాయనకు చేరే పీడీఎఫ్ దగ్గరికి మాత్రం ఇవేవీ రాలేదు.

ఎందుకు రాలేదో నాకు తెలిసినంత చెబుతాను. మంత్రులు, కార్యదర్శుల స్థాయిలో ఆగిన విషయం కాదు ఇది. ఫైలు చివరికి టైప్ అయ్యేది ఏదో ఒక సెక్షన్‌లో, ఒక ఔట్‌సోర్సింగ్ ఆపరేటర్ చేతిలో. లేదా బయట నాలాంటి షాపులో. ఆ అమ్మాయికో అబ్బాయికో ఏ ఫాంట్ వాడాలని ఎవరూ చెప్పరు. "తొందరగా కావాలి, సార్ సంతకం కోసం ఎదురుచూస్తున్నారు" అని మాత్రమే చెబుతారు. ఆ తొందరలో చేతికి ఏది అలవాటో అదే కొడతాం. మేము పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఈ రోజుకీ దాన్ని వదలని సెంటర్లు నాకు తెలుసు. వదలకపోవడానికి బద్ధకం కారణం కాదు. కీబోర్డు భయం. పదిహేనేళ్లు ఒక లేఅవుట్ మీద, అంటే ఏ కీకి ఏ అక్షరమనే అమరిక మీద, వేళ్లు పరుగెత్తాక, కొత్తది నేర్చుకోమంటే గంటకు పది పేజీలు కొట్టే మనిషి రెండు పేజీల దగ్గరికి పడిపోతాడు. మాది పేజీకి ఇంత అని లెక్క. ఆ నెల అద్దె ఎలా కట్టాలి?

ఆ భయం నాకూ ఉండేది. అది పోయిన రోజు చెబుతాను. పాత సిస్టమ్‌లో విండోస్ సరిగా నడవక, ఇంజినీరింగ్ చదివే మా పక్కింటి అబ్బాయి దాని బదులు ఉబుంటు అనే ఓపెన్ సోర్స్ సిస్టమ్ ఎక్కించాడు. కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు కింద చూస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన, సరళ అని వరుసగా ఉన్నాయి. వాటి మధ్యలో ఆపిల్ అని ఉంది. మేము డీటీపీలో ఇన్నేళ్లు వాడిన లేఅవుట్ పేరు అదే. నమ్మలేదు. ఎంచుకుని టైప్ చేశాను. అలవాటైన చోటే అక్షరాలు, తేడా తోచిన చోట్లు కొన్నే. ఫైల్లో పడింది మాత్రం అసలైన యూనికోడ్. ఎమ్17ఎన్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో ఎవరో ఎప్పుడో కూర్చుని మా వేళ్ల అలవాటును కూడా లెక్కలోకి తీసుకుని ఆ లేఅవుట్‌ను పెట్టారు. వాళ్లకు నేను ఎవరో తెలియదు, రూపాయి ఇచ్చింది లేదు. వారం రోజుల్లో నా పాత వేగం నాకు వచ్చింది. విండోస్ మీదే ఉంటామనేవాళ్లకు కీమ్యాన్ అనేది ఉంది. అది కూడా ఓపెన్ సోర్సే, దాంట్లో మనకు కావలసిన లేఅవుట్ మనమే తయారు చేసుకోవచ్చు. ఈ ఒక్క సంగతి జిల్లాలోని ఆపరేటర్లకు కూర్చోబెట్టి చెబితే సగం సమస్య తీరుతుంది. సర్క్యులర్‌తో తీరదు. పక్కన కూర్చుని చూపించాలి.

ఇంకో అపోహ కూడా ఉంది: యూనికోడ్‌లో మంచి తెలుగు ఫాంట్లు లేవని. ఒకప్పుడు నిజం. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన అని రెండు ఫాంట్లు చేసి అందరికీ ఉచితంగా ఇచ్చేదాకా మాకు చూపించుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. మా బమ్మెర పోతన్న పేరు పెట్టుకున్న ఆ ఫాంట్‌ను చూసినప్పుడు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. రాజులకు ఇవ్వను పొమ్మన్న కవి పేరు, ఎవరికీ సొంతం కాని అక్షరాలకు. తర్వాత సిలికానాంధ్ర వాళ్ల చొరవతో మండలి, మల్లన్న, రామభద్ర, ధూర్జటి, సూరన్న లాంటివి వరుసగా ఓపెన్ లైసెన్సుతో వచ్చాయి. పెళ్లి పత్రిక నుంచి ఫ్లెక్సీ దాకా వాటితో చేస్తున్నాను. పుస్తకం పేజీలు కట్టడానికి స్క్రైబస్ ఉంది, ఉత్తరాలకు లిబ్రేఆఫీస్ ఉంది. ఇలాంటివాటిని ఫ్రీ సాఫ్ట్‌వేర్ అని కూడా అంటారు. ఆ ఫ్రీ అంటే ఉచితమా, స్వేచ్ఛా అని ఇంగ్లిష్‌వాళ్లు వాళ్లలో వాళ్లు ఏళ్ల తరబడి వాదించుకుంటారు. మనకు రెండూ వేరు వేరు మాటలు. నాకు ఈ సాఫ్ట్‌వేర్‌లో ముందు నచ్చింది ఉచితం. ఇప్పుడు విలువ తెలిసింది స్వేచ్ఛది.

ఆ విలువ నేను ఎలా తెలుసుకున్నానో కూడా రాయాలి. 2006లో జనగామ వైపు ఒక ఒగ్గు కథ కళాకారుడు తన కథలు నోటితో చెబుతుంటే నేను టైప్ చేశాను. నలభై పేజీలు. అప్పటి ఫాంట్‌లోనే. సీడీలో రాసి ఆయనకొకటి ఇచ్చి నా దగ్గరొకటి పెట్టుకున్నాను. ఆయన పోయారు. మూడేళ్ల కింద ఆయన కొడుకు వచ్చి పుస్తకం వేయిద్దామన్నాడు. సీడీ తెరుచుకుంది. ఫాంట్ నడవలేదు. ఆ ఫాంట్ నడవాలంటే కంప్యూటర్‌కు తాళంలా గుచ్చాల్సిన కంపెనీ డాంగిల్ ఎప్పుడో పాడైంది. కన్వర్టర్లతో చాలావరకు బయటికి తీశాను. పాత ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చే పని తెలుగులో చాలామంది స్వచ్ఛందంగా చేశారు. తెలుగు వికీపీడియాను 2003లో మొదలుపెట్టిన వెన్న నాగార్జున గారే 'పద్మ' అనే పనిముట్టు చేసి ఆ దారి వేశారు. అయినా ఆ నలభై పేజీల్లో వత్తులు చాలా చోట్ల తారుమారయ్యాయి. కొన్ని మాటలు ఏమిటో నాకు తెలియడం లేదు. అడగడానికి ఆయన లేరు. ఆయన యాసలో ఆ మాటను ఎలా పలికారో గుర్తు తెచ్చుకోవడానికి ఎన్నోసార్లు కూర్చున్నాను. కొన్ని దొరికాయి, కొన్ని దొరకలేదు.

ఈ మధ్య లిబ్రేఆఫీస్‌లో చేసిన ఒక ఓడీటీ ఫైలు తీసుకుని, చివర ఓడీటీ అన్నచోట జిప్ అని పేరు మార్చి తెరిచి చూశాను. లోపల కంటెంట్ అని ఒక ఫైలు ఉంది. దాన్ని మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే నేను టైప్ చేసిన ఊరి పేర్లు, మనుషుల పేర్లు తెలుగులోనే, ఉన్నవి ఉన్నట్టు కనిపించాయి. రేపు లిబ్రేఆఫీస్ లేకపోయినా, ఆ జిప్ మూట విప్పితే చాలు, రాసింది చేతికొస్తుంది. ఆ ఫార్మాట్ 2006లోనే ఐఎస్ఓ అనే అంతర్జాతీయ సంస్థ ప్రమాణమైంది. దాని లెక్క అంతా బహిరంగంగా ఉంది. ఆ కథలను అలా దాచి ఉంటే ఈ రోజు ఒక్క మాట కూడా పోయేది కాదు. మీ ఆఫీసుల్లో పాత ఫాంట్లలో ఉన్న తీర్మానాలు, రికార్డులు ఎన్ని ఉన్నాయో మీకే తెలియాలి. వాటిని టైప్ చేసినవాళ్లు రిటైర్ అయ్యేలోపే బయటికి తీయండి.

ఒక విషయం మధ్యలో చెప్పుకోవాలి. 2018 ఫిబ్రవరిలో తెలుగు అక్షరం ఒకటి ప్రపంచ వార్త అయింది గుర్తుందా? 'జ్ఞా'ను ఒక ప్రత్యేక పద్ధతిలో మెసేజ్‌గా పంపితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయాయి. ఆ వారం నెట్‌లో కంప్యూటర్ పిల్లలు ఎన్ని జోకులు వేసుకున్నారో. తెలుగోళ్ల జ్ఞానాన్ని ఐఫోన్ తట్టుకోలేకపోయిందని నా షాపులో కూడా పిల్లలు నవ్వుకున్నారు, నేనూ నవ్వాను. కానీ నాకు ఎక్కువ ముచ్చటేసింది వేరే. అక్షరంలో తప్పు లేదని, దాన్ని తెర మీద కూర్చే చోట తప్పుందని ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్లో బహిరంగంగా పరీక్షించి చెప్పారు. జ, పొల్లు, ఞ, కనబడని ఒక గుర్తు, దీర్ఘం అని విడదీసి మరీ చూపించారు. తెలుగు రాని వాళ్లు కూడా. నెల తిరగకుండానే ఆపిల్ దాన్ని సరిచేసి అప్‌డేట్ ఇచ్చింది. లెక్క అందరి ముందూ ఉంది కాబట్టి తప్పు ఎక్కడుందో అందరికీ కనిపించింది. మన పాత ఫాంట్‌లో రైతు పేరు విరిగితే ఎవరికి తెలుస్తుంది? ఎవరు సరిచేస్తారు?

ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్లలో, ఫైర్‌ఫాక్స్‌లో, క్రోమ్‌లో, లిబ్రేఆఫీస్‌లో మన వత్తులను సరైన చోట కూర్చోబెడుతున్నది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. దాని పేరు పారసీ మాటల నుంచి వచ్చింది. హర్ఫ్ అంటే అక్షరమని మన ఊళ్లో ఉర్దూ వచ్చినవాళ్లకు చెప్పనక్కర్లేదు. బాజ్ అంటే తెరిచి ఉన్నది. తెరిచి ఉన్న అక్షరం. ఇరాన్‌లో పుట్టిన ఒకాయన ప్రధానంగా నడిపించిన పనితో వరంగల్‌లో తెలుగు సరిగా కనబడుతోంది. పాత పుస్తకాల్లో ఉండే నకారపొల్లుకు 2021లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఎవరైనా ఆధారాలు చూపించి ఇంకో అక్షరం కావాలని అడగవచ్చు, అక్కడ వింటారు. ఏ ఫాంట్ కంపెనీకి ఉత్తరం రాసి నేను ఇలా అడగగలను?

నేను కోరేవి పెద్ద పనులు కావు. ఒక తేదీ పెట్టండి. ఆ తేదీ తర్వాత ప్రభుత్వ వెబ్‌సైట్లలో పెట్టే ఏ తెలుగు కాగితమైనా యూనికోడ్‌లో ఉండాలని, లేకపోతే అప్‌లోడ్ చేసేవాళ్లు వెనక్కి పంపాలని చెప్పండి. పరీక్ష చాలా సులువు. ఫైల్లోంచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో అతికించి చూస్తే చాలు. తెలుగు వస్తే పంపవచ్చు, పిచ్చిగీతలు వస్తే పంపకూడదు. అటెండర్ కూడా ఈ పరీక్ష చేయగలడు.

సంతకం పెట్టి, స్కాన్ చేసిన ఫొటో లాంటి పీడీఎఫ్‌ను మాత్రమే పెట్టడం ఆపండి. సంతకం ఉన్న కాపీ అవసరమే, కాదనను. దాని పక్కనే టైప్ చేసిన అసలు ఫైలు కూడా పెట్టండి. ఇక్కడ ఒక మెలిక ఉంది, అనుభవం మీద చెబుతున్నాను. యూనికోడ్‌లో టైప్ చేసినా, కొన్ని సాఫ్ట్‌వేర్ల నుంచి పీడీఎఫ్ చేస్తే తెలుగు వత్తులు, గుణింతాలు కాపీ చేసేటప్పుడు చెదిరిపోతాయి. పీడీఎఫ్ ఒక్కటే నమ్ముకుంటే చాలదు. ఉత్తర్వులైతే వెబ్ పేజీగానో ఓడీటీగానో కూడా ఉండాలి. పేర్ల జాబితాలైతే సీఎస్‌వీగా ఉండాలి. సీఎస్‌వీ అంటే కామాలతో విడదీసిన మామూలు రాత, ఏ కంప్యూటరైనా తెరుస్తుంది. ఊరి వారీగా విడదీసుకోవచ్చు, సర్పంచ్ తన ఊరి పేర్లు మాత్రమే ప్రింట్ తీసి పంచాయతీ గోడకు అంటించవచ్చు. 142 పేజీలు ఎవరికీ అవసరం లేదు.

కొత్తగా ఏ యాప్‌కో పోర్టల్‌కో టెండర్ పిలిచేటప్పుడు యూనికోడ్, ఓపెన్ ఫార్మాట్, స్క్రీన్ రీడర్‌తో చదవగలగడం అనే మూడు మాటలు షరతుల్లోనే రాయండి. తర్వాత అడిగితే కంపెనీలు అదనపు పని అంటాయి.

బడుల సంగతి ఎక్కువ రాయను, అది వేరే లేఖకు సరిపడా ఉంది. కేరళలో ప్రభుత్వ బడుల పిల్లలు ఏళ్లుగా ఉబుంటు లాంటి లైనక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు, టీచర్లకు శిక్షణ ఇచ్చి మరీ నడిపారు. విండోస్ 10కు కంపెనీ మద్దతు 2025 అక్టోబరులో ముగిసింది కాబట్టి, మన ల్యాబుల్లోని పాత కంప్యూటర్లను మూలకు నెట్టే ముందు ఆ దారి ఒకసారి చూడండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వాళ్ల బాస్ లైనక్స్ ఉంది, హైదరాబాద్‌లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ సంస్థ వాళ్లున్నారు. అడిగితే వచ్చేవాళ్లు మన రాష్ట్రంలోనే ఉన్నారు.

మా ఆపరేటర్ల కోసం మాత్రం గట్టిగా అడుగుతున్నాను. మమ్మల్ని తీసేయడం పరిష్కారం అనుకోకండి. ఫోన్‌లో గొంతుతో చెబితే టైప్ అయిపోతోంది కదా, వీళ్లెందుకు అని కొందరు అంటున్నారు. అర్జీలో ఏ మాట ఎక్కడ పడాలో, సర్వే నంబరు తప్పయితే ఏమవుతుందో ఫోన్‌కు తెలియదు, మాకు తెలుసు. మండలానికి ఒక రోజు పెట్టి, ప్రభుత్వ ఆఫీసుల్లో టైప్ చేసేవాళ్లను, బయట సెంటర్లవాళ్లను కలిపి కూర్చోబెట్టండి. పాత లేఅవుట్‌తోనే యూనికోడ్ ఎలా కొట్టాలో, పాత ఫైళ్లు ఎలా మార్చాలో, మార్చాక వత్తులు ఎలా సరిచూసుకోవాలో చూపించండి. వరంగల్‌లో ఎన్‌ఐటీ ఉంది, కాకతీయ యూనివర్సిటీ ఉంది, చుట్టూ ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. ఆ పిల్లల్ని పిలిస్తే సంతోషంగా వస్తారు. నాకు ఉబుంటు ఎక్కించింది కూడా అలాంటి పిల్లాడే, టీ తప్ప ఏమీ తీసుకోలేదు.

హనుమకొండలో ఎవరికి నేర్పాలన్నా నేను ఉన్నాను. ఆదివారం మధ్యాహ్నం షాపు మూసి ఉంటుంది, రెండు సిస్టమ్‌లు ఖాళీగా ఉంటాయి. పంపండి.

ఈ లేఖను లిబ్రేఆఫీస్‌లో, ఆపిల్ లేఅవుట్‌తో, పోతన ఫాంట్‌లో టైప్ చేశాను. ఓడీటీ ఫైలుగానే మీకు పంపుతున్నాను. తెరిచాక కంట్రోల్ ఎఫ్ కొట్టి 'రేగొండ' అని వెతికి చూడండి. దొరుకుతుంది.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్,
హనుమకొండ